మద్దిలేటికి చెప్పిన మాట

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం ఒక్కరోజు కూడా చేయలేను. నేను ఫోరెన్సిక్ డాక్టర్ని, అంటే పోస్ట్‌మార్టం చేసే డాక్టర్ని. మార్చురీ పక్కగదిలోనే నా బల్లా కుర్చీ ఉన్నాయి. అక్కడే అన్నం తింటాను, అక్కడే టీ తాగుతాను. ఆ చుట్టుపక్కల ఏదైనా తిరుగుతూ ఉంటే ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా కనిపించి ఉండాలి. అక్కడ ఉన్నది ఫినాయిల్ వాసన, తిరగని ఒక సీలింగ్ ఫ్యాను, తిరిగితే పిండిమరలా మోగే ఒక ఎగ్జాస్టు ఫ్యాను. అంతకుమించి ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాది కడప దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచీ చర్చికి పోయే ఇల్లు. దినాలు చేయడం, కాకికి కూడు పెట్టడం మా ఇంట్లో లేవు. అందువల్ల నేను ఇప్పుడు చెప్పబోయేదాన్ని చదువు వైపు నుంచి చూసినా, పెరిగిన ఇంటి వైపు నుంచి చూసినా నేను నమ్మకూడదు.

ఈ సబ్జెక్టు నేను కోరి తీసుకోలేదు. ఎంబీబీఎస్ అయ్యాక పీజీ ఎంట్రన్సులో నా ర్యాంకుకు మిగిలింది ఇదే. పిల్లల డాక్టరు సీటు వచ్చిన స్నేహితురాలి ఇంట్లో ఆరోజు పాయసం వండారు. మా ఇంట్లో అమ్మ, "రాత్రి డ్యూటీలైతే ఉండవు గదా," అంది. ఆ మాట నిజమే. మేము మామూలుగా పగటి వెలుతురులోనే పని చేస్తాం.

కర్నూలులో చేరాక మా ప్రొఫెసరు మొదట్లో నన్ను కత్తి ముట్టుకోనివ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూడమనేవారు. బట్టలు చూడు, మొలతాడు చూడు, కాలి పగుళ్ళు చూడు, గోళ్ళ కింద మట్టి చూడు. ఆ మట్టి రంగు చూసి మనిషి ఏ వైపు నుంచి వచ్చాడో ఆయన చెప్పేవారు. చాలాసార్లు సరిపోయేది. ఆయన వయసులో ఉన్నప్పుడు బాంబు గాయాలూ వేటకొడవలి గాయాలూ చూసి చూసి విసిగిపోయారట. నా కాలానికి బైకులూ పురుగుమందూ మిగిలాయి.

ఆయన దగ్గర ఒక అలవాటు ఉండేది. శవాన్ని ముట్టుకునే ముందు దానికి చెప్పేవారు. "నాయనా, ఇప్పుడు తల చూస్తాం." "అమ్మా, ఇంక కడుపు చూడల్ల, కొంచెం ఓర్చుకో." మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"బతికుండేవాణ్ణయితే చెప్పకుండా సూది గుచ్చుతావా? చెప్పి చెయ్యి. నీ చెయ్యి కూడా నెమ్మదిగా పడుతుంది," అన్నారు.

అది నిజం. చెప్పి చేస్తే చేయి తొందరపడదు. అందుకే నేనూ ఆ అలవాటు చేసుకున్నాను. అందులో భక్తి లేదు, భయం లేదు. పని శుభ్రంగా జరగడానికి ఒక పద్ధతి, అంతే.

సారు రిటైరై వెళ్ళిపోయారు. నేను అక్కడక్కడా పనిచేసి, చివరికి ఈ జిల్లాలోనే ఒక మెడికల్ కాలేజీలో కుదురుకున్నాను. దాని పేరు అనవసరం. మిగతా డాక్టర్లకు పండగొస్తే స్వీటు బాక్సులొస్తాయి. నాకు ఏ పండగొచ్చినా కోర్టు సమన్లే వస్తాయి. ఆదోని కోర్టులోనో ఆళ్ళగడ్డ కోర్టులోనో బోనెక్కి, కోడిగుడ్డుకు ఈకలు పీకే లాయర్లకు జవాబు చెప్పి, బస్సెక్కి తిరిగి వస్తాను. నా పేషెంట్లలో నయమై ఇంటికి పోయినవాడు ఒక్కడూ లేడు. నాకు దండం పెట్టినవాడూ లేడు.

కల్లూరులో ఒక ఇంటి పైపోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఏ డాక్టరువని ఇంటావిడ అడిగితే కాలేజీలో పాఠాలు చెబుతానన్నాను. అబద్ధం కాదు. మొదట్లో ఆమె గుత్తి వంకాయ చేసినా, అలసందల వడలు చేసినా గిన్నెలో పెట్టి పైకి పంపేది. ఒకరోజు సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ ఇంటికొచ్చి, నా పని గురించి వివరంగా చెప్పి పోయాడు. ఆ తర్వాత గిన్నెలు రావడం ఆగిపోయింది. ఆమె చెడ్డ మనిషి కాదు. మెట్ల మీద ఎదురైతే ఇప్పటికీ పలకరిస్తుంది, కాకపోతే కొంచెం పక్కకు జరిగి పలకరిస్తుంది.

పెళ్ళి సంబంధాల సంగతీ అంతే. ఒక అబ్బాయి తల్లి నా చేతుల వంక చూసి, "వంట కూడా ఈ చేతులతోనే గదా," అంది. నాకు వేరే జత చేతులు లేవని చెప్పాను. ఆ సంబంధం అక్కడితో తెగింది. అమ్మ పోయాక కడపకు పోవడం కూడా తగ్గిపోయింది. అన్నయ్య వారానికోసారి ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు. తిన్నానంటాను. ఇంక ఇద్దరికీ మాటలుండవు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, సారు నేర్పిన ఆ రెండు ముక్కలు నా దగ్గరికి వచ్చేసరికి ఎట్లా పెరిగాయో మీకు తెలియాలి. ఇప్పుడు కడుపు చూస్తానప్పా అని మొదలుపెట్టేదాన్ని. నెమ్మదిగా, ఈరోజు ఇంట్లో మోటరు కాలిపోయింది, కర్రీ పాయింట్ వాడు మళ్ళీ పప్పులో ఉప్పు కొట్టినాడు అని కూడా చెప్పడం మొదలైంది. రోజంతా నేను నోరు తెరిచేది అక్కడే. మా మార్చురీ అసిస్టెంట్ ఖాజా విని నవ్వేవాడు.

"మీ పేషెంట్లు శానా మంచోళ్ళు మేడం. మధ్యలో అడ్డం రారు," అనేవాడు.

అట్లాంటి రోజుల్లో, స్నానం చేస్తుంటే నా చేతికి ఒక గడ్డ తగిలింది. ఎడమ రొమ్ముకు చంక వైపు. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. సరిగ్గా బుడ్డ గింజంత ఉంది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే మంచిది కాదని నాకు తెలుసు.

మరుసటి రోజే చూపించుకోవాలి. చూపించుకోలేదు. తెలియనివాళ్ళకు ఒకటే భయం, తెలిసినవాళ్ళకు వంద భయాలు. ఆ జబ్బు లోపల ఏమేం చేస్తుందో పుస్తకంలోనూ చూశాను, బల్ల మీదా చూశాను. పైగా చూపించుకున్నాక పక్కన కూర్చునేదెవరు? నాతో చదువుకున్న శిరీష ఊళ్ళోనే సర్జన్. ఆమెకు సోమవారం ఓపీ. వచ్చే సోమవారం పోదామనుకుంటాను. సోమవారం వచ్చేసరికి ఏదో ఒక పని నేనే వెతుక్కుంటాను. ఈ సంగతి బతికున్న మనిషికి ఎవ్వరికీ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మద్దిలేటి వచ్చాడు.

ఓర్వకల్లు వైపు ఒక పల్లె అతనిది. ముప్పై దాటిన మనిషి. పెళ్ళి కాలేదు, తల్లీ తనూ ఇద్దరే. మిరపచేనికి మందు కొట్టడానికి పొద్దున పోయినవాడు గట్టు మీద పడి చనిపోయి ఉన్నాడు. పక్కన మందు డబ్బా ఉంది. మందు కొట్టేవాడి పక్కన డబ్బా కాక ఇంకేముంటుంది? కానీ ఊరు ఊరుకోదు కదా. తాగి చచ్చిపోయినాడని అప్పటికే అనేశారు. పోలీసులు కూడా అనుమానాస్పదమని రాసి పంపారు.

పని మొదలుపెట్టాక నాకు మందు వాసన ఎక్కడా తగల్లేదు. గుండె చూసేసరికి సంగతి అర్థమైంది. గుండె కండలో తెల్లగా ఒక పాత మచ్చ ఉంది. అంటే ఇంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చి, దానంతటదే మానింది. గ్యాసు నొప్పి అనుకుని సోడా తాగి పడుకుని ఉంటాడు. ఈసారి వచ్చింది వదల్లేదు.

అయినా డబ్బా సంగతి కాగితంలో ఉంది కాబట్టి లోపలి భాగాలు కొన్ని ఉప్పునీళ్ళ సీసాల్లో పెట్టి ల్యాబుకు పంపాలి. అది పద్ధతి. ఆరోజు చూస్తే ఉప్పు అయిపోయింది. ఖాజా గేటు బయట అంగడికి పోయాడు. తలుపు మూసి ఉంది. ఎగ్జాస్టు ఫ్యాను మోగుతోంది. గదిలో నేనూ మద్దిలేటీ ఉన్నాం.

నాకు కోపం వచ్చింది. "ముందే చూపించుకోకూడదా అప్పా? ఈ బల్ల దాకా రాకపోతుంటివి గదా," అన్నాను.

అని, అక్కడే ఆగిపోయాను. ఆ మాట అనే అర్హత ఆరోజు నాకు లేదు.

"నేను మాత్రం ఏం చేసినాలే. నాకూ ఉండాది ఒకటి, ఈడ," అన్నాను. చేతులకు గ్లవ్స్, గ్లవ్స్ నిండా నెత్తురు. అందుకని రెండు చేతులూ ముందుకు, ఒంటికి తగలకుండా పెట్టుకుని, ఎడమ మోచేతిని పక్కటెముకలకు అదిమి చూపించాను. ఎవరికి చూపించానని అడగకండి. "వచ్చే సోమవారం పోతాలే," అని కూడా చెప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా లేదు. ఖాజా ఉప్పు ప్యాకెట్లతో వచ్చేసరికి మామూలుగా పని చేసుకుంటున్నాను.

బయట వేపచెట్టు కింద ఒకామె ఒంటరిగా నిలబడి ఉంది. అతని తల్లి, సుంకులమ్మ.

"మావాడు మందు తాగినాడామ్మా?" అని అడిగింది. ఆరోజు పొద్దున ఇంకో సంబంధం వద్దన్నాడని కొడుకును తిట్టి పంపిందట. "నేనొక మాట అనింటి. దానికే తాగినాడేమో చెప్పు."

నా కంటికి అది గుండెపోటే. కానీ ల్యాబు రిపోర్టు రాకముందు నేను అభిప్రాయం చెప్పకూడదు. "రిపోర్టు రావల్ల పెద్దమ్మా," అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, సరేనని తలూపి, కొడుకును తీసుకుని పోయింది.

ఆ సోమవారం నంద్యాల కోర్టులో సాక్ష్యం ఉందని నేను శిరీష దగ్గరికి పోలేదు. వాయిదా కావాలని అడిగితే ఇచ్చేవారే. అడగలేదు.

ఆ తర్వాతి సోమవారం కూడా దాటిపోయాక ఒక మధ్యాహ్నం సుంకులమ్మ నా గదికి వచ్చింది. కుర్చీ చూపిస్తే వద్దని గోడవారగా కూర్చుంది. కొడుకును సొంత చేనిలోనే పూడ్చారట. పెద్ద దినం నాడు అతనికి ఇష్టమైనవన్నీ చేసి గుంత మీద పెట్టారట. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, గుడ్డు. కాకి ముట్టలేదు.

"బండ మింద కూచుండాది. సూస్తాది. దిగదు," అంది. "ఎన్నో చెప్తిమి. చేను అమ్మం రా అంటి. నిన్ను తిట్టింది తప్పే రా అంటి. నీ ఎద్దును నేనే మేపుతా అంటి. దిగల్యా. మల్లా పెడితిమి, మల్లా అంతే."

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కొరత మిగిలిందని లెక్క. ఆ కొరత ఏదో కనిపెట్టి, తీరుస్తామని మాటిస్తే దిగుతుందని వాళ్ళ నమ్మకం. ఆ ఊళ్ళో ఎవరో, ఆసుపత్రిలో శరీరంలోవి కొన్ని తీసి పెట్టుకున్నారు కదా, అదే కొరత అన్నారట.

"మావాణ్ణి ఉప్పులో పెట్టినారంట గదా. అవి ఇస్తే పూడ్చుకుంటాం," అని అడిగింది.

ల్యాబుకు పోయాయని, ఇప్పుడు నా చేతిలో లేవని వీలైనంత మెత్తగా చెప్పాను. ఆమె వాదించలేదు. కాసేపటికి వేరే సంగతి ఎత్తుకుంది.

"నిద్దర్లో వచ్చినాడమ్మా. సూపిచ్చుకో, సూపిచ్చుకో అంటాండాడు. నాకేం రోగం ఉండాదిరా సూపిచ్చుకునేకి అంటే పలకడు. సోమారం పాయ గదా అంటాడు. ఏ సోమారం రా అంటే పలకడు."

నేను పెన్ను కింద పెట్టాను.

"ఇంకోటి. మావానికి ఆ అలవాటే ల్యా. చేతులు ఇట్లా ముందర పెట్టుకుని..." అని ఆమె తన రెండు చేతులూ ఒంటికి తగలకుండా ముందుకు చాచింది. ఆ చేతులకు ఏదో అంటుకున్నట్టు వేళ్ళు విడదీసి పెట్టింది. "మోచెయ్యి ఇట్లా అదుముకుంటాండాడు." ఎడమ మోచేతిని పక్కటెముకలకు అదిమింది. "ఆడనుంచి ఏం తీసినారమ్మా మావానికి?"

ఆడనుంచి మేము ఏమీ తీయలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. ఖాజా వచ్చి టీ పెట్టి పోయాడు. దాన్ని ఎవరూ ముట్టలేదు.

పోతూ పోతూ ఆమె, "నువ్వొచ్చి ఒక మాట చెప్పమ్మా. ఆకర్న వాని దగ్గర ఉండింది నువ్వే గదా," అంది. వస్తానన్నాను. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాను.

ఆదివారం చర్చికి పోకుండా బస్సెక్కి ఓర్వకల్లులో దిగాను. సుంకులమ్మ తమ్ముడు బండి మీద వచ్చి చేనికి తీసుకుపోయాడు. ఆ వైపు చేల మధ్య పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. ఎండ మండుతోంది. మిరపచేను సగం ఎండిపోయింది. గుంత మీద మట్టి ఇంకా కొత్తగానే ఉంది. నలుగురైదుగురు బంధువులు తుమ్మచెట్టు నీడన కూర్చుని ఉన్నారు. విస్తరిలో ఉగ్గాని, బజ్జీ, గుడ్డు పెట్టారు. కాకి నిజంగానే బండ మీద కూర్చుని ఉంది.

"చెప్పమ్మా," అన్నారు.

నాకు సిగ్గేసింది. కోర్టులో ఎంతమంది ముందైనా మాట్లాడతాను. అక్కడ ఒక కాకి ముందు మాట్లాడాలి. చివరికి, "మద్దిలేటప్పా, ల్యాబుకు పంపింది నీ మంచికే. నువ్వు మందు తాగలేదని తేలల్ల గదా," అన్నాను. సుంకులమ్మ వైపు తిరిగి, గుండెలో పాత మచ్చ సంగతి కూడా చెప్పేశాను. రిపోర్టు రాకముందు చెప్పకూడదు. ఆ ఎండలో ఆమెను అట్లా చూస్తూ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాకి మాత్రం దిగలేదు. బంధువులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంక లేద్దామని ఒకాయన తువ్వాలు దులుపుకున్నాడు.

నేను పక్కకు, చేని గట్టు మీదికి నడిచాను. మద్దిలేటి పడిపోయింది ఆ గట్టు మీదే. ఫోన్ తీసి శిరీషకు చేశాను. ఎంతో కాలంగా మాట్లాడని మనిషిని కదా, ఆమె కంగారుపడి ఏమైందే అంది. నాకు ఒక గడ్డ ఉంది, ఎడమవైపు, చాలా రోజులైంది, రేపు సోమవారం వస్తున్నాను అని చెప్పాను. ఒకే గుక్కలో చెప్పాను. ఆగితే మళ్ళీ చెప్పలేను. శిరీష ఇంకేమీ అడగలేదు. "పొద్దున్నే రా, తినకుండా రా, నేను గేటు దగ్గర ఉంటా," అంది.

వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా గాలి పీల్చిన చప్పుడు వినపడింది. తిరిగి చూశాను. కాకి విస్తరి పక్కన ఉంది. మొదట ఉగ్గాని పొడిచింది, తర్వాత గుడ్డు ఎత్తుకుపోయింది. అది దిగడం నేను చూడలేదు.

అందరూ నేను సుంకులమ్మకు చెప్పిన మాట వల్లే దిగిందనుకున్నారు. మందు తాగలేదని తల్లికి తెలియడమే వాడికి కావలసిందన్నారు. సుంకులమ్మ నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఈ చేతులను అట్లా పట్టుకున్న మనిషి అంతకుముందు లేదు. నేనూ ఏడ్చాను, ఆమె నా ఏడుపును తన కొడుకు కోసమనుకుంది.

నాది క్యాన్సరే. చిన్నదిగా ఉండగానే దొరికింది, చంకలోకి పాకలేదు. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే లెక్క వేరేగా ఉండేదని శిరీష చెప్పింది. ఆపరేషనూ మందులూ అన్నీ అయ్యాయి. జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. ఇంటావిడ సంగతి తెలిసి, ఒకరోజు మెట్ల మీద గిన్నె పెట్టి తలుపు కొట్టి పోయింది. ఇప్పుడు పనిలోకి పోతున్నాను.

మద్దిలేటి రిపోర్టు కూడా వచ్చింది. విషం లేదు. ఆ సంగతి చెబితే సుంకులమ్మ, "కాకి ముట్టింది గదమ్మా," అని ఊరుకుంది.

ఈ అనుభవాన్ని నేను ఒక కేసు చూసినట్టే చాలాసార్లు చూశాను. ఖాజా తలుపు దగ్గర విన్నాడా? అతను ఉప్పు కోసం పోయి వచ్చేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు, ఆ ఫ్యాను మోతలో తలుపు అవతలికి మాట వినపడదు. తర్వాత అడిగి కూడా చూశాను, ఏం మేడం అని ఎదురడిగాడు. చూపించుకో అనే మాట ఏ తల్లికైనా కలలో రావచ్చు, కొడుకుతో తానే ఎన్నోసార్లు అని ఉంటుంది. ఎడమవైపు అదుముకోవడం గుండెనొప్పి వచ్చినప్పుడు చూసి ఉంటుంది. కాకి సంగతి సరే, దానికి ఆకలేసింది. ఇట్లాంటివాటిని కాకతాళీయం అంటాం, ఆ మాటలోనూ కాకే ఉంది.

కానీ సోమవారం? పైగా నెత్తురు చేతులు ఒంటికి తగలకుండా ముందుకు పెట్టుకునే తీరు మా వృత్తిలో వాళ్ళది. చేనిలో పనిచేసే మనిషికి ఆ తీరు ఎక్కడిది? ఆమె చూపించిన పద్ధతి అచ్చం నాదే. నాకు తెలియదని బోనులో ఒప్పుకోవడం సారు నేర్పారు. ఇక్కడా అదే ఒప్పుకుంటున్నాను.

సుంకులమ్మకు మాత్రం నేను నిజం చెప్పలేదు. కొడుకు సూపిచ్చుకో అన్నాడని ఆమె అప్పట్లోనే ఆసుపత్రిలో చూపించుకుంది. బీపీ ఉందన్నారు. అప్పటినుంచి నెలనెలా మాత్రల కోసం వస్తుంది, వచ్చినప్పుడల్లా నా గదికి వస్తుంది. సంచిలోంచి జొన్నరొట్టెలు తీసి పెడుతుంది. చచ్చిపోయినవాళ్ళ పని మీద కాకుండా నా దగ్గరికి వచ్చే మనిషి ఆమె ఒక్కతే. నా తల మీద జుట్టు లేనప్పుడు చూసి, తిరపతికి పోయినావా అంది. అవునన్నాను. ప్రసాదం ఏదీ అని అడగలేదు, అదొక్కటే నయం. "నా కొడుకు పోయినంక కూడా నా బాగు చూసుకుంటాండాడు," అని ఊళ్ళో అందరికీ చెప్పుకుంటుందట. ఆ కబురు ఆమెకు కాదు, నాకు. అది చెప్పడానికి నాకు నోరు రాదు.

మొన్న వచ్చినప్పుడు రొట్టెలు పెట్టి, మాత్రల కవరు చేతిలో పట్టుకుని కూర్చుంది.

"మల్లా నిద్దర్లో రాల్యామ్మా మావాడు. ఆ ఒక్కసారే. ఎందుకు రాల్యాదంటావు?" అని అడిగింది.

"నువ్వు మాత్రలు సరిగ్గా ఏసుకుంటాండావు గదా పెద్దమ్మా. ఇంక చెప్పేదేముందని రాలేదేమో," అన్నాను.

ఆమె ఆలోచించింది. కవరును అటూ ఇటూ తిప్పింది.

"అయితే ఒక నెల ఏసుకోకుంటే వస్తాడేమో," అంది.

వద్దని చెప్పాను. గట్టిగానే చెప్పాను. బస్టాండు ఆటో ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను.